మంచం పక్కన పుట్టిన ఆలోచన నుంచి వైద్య పరికరం స్టార్టప్ దాకా: వరుస తప్పని మార్గదర్శి

ఇంట్లో అమ్మనో నాన్ననో నెలల తరబడి మంచం మీద చూసుకున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "ఇట్లాంటి వస్తువు ఒకటి ఉంటే బాగుండు అనిపించింది. తయారు చేయించాలంటే ఎవరిని కలవాలె?" ఎవరిని కలవాలన్నది తర్వాతి సంగతి. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తేల్చుకోకుండా ఎవరి దగ్గరికి పోయినా పైసలూ పోతాయి, ఏడాదీ పోతుంది. కింద రాసింది ఆ వరుస గురించే.

మాట గాలిలో పోకుండా ఒక్క ఉదాహరణనే మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం. మూత్రం పైపు వేసిన రోగికి యూరిన్ బ్యాగును తగిలించుకునే, అది నిండబోతుంటే కూత పెట్టే కొక్కెం. మీ ఆలోచన వేరే కావచ్చు, దశలు మాత్రం ఇవే.

## 1. ముందు నోటుబుక్కు, పరికరం కాదు

రోగి ఇంకా ఇంట్లోనే ఉంటే రెండు వారాల పాటు జరిగింది జరిగినట్టు రాయండి. ఒక్కో సంఘటనకు ఒక్క వరుస చాలు:

□ సమయం
□ ఏం జరిగింది
□ పక్కన ఎవరున్నారు, ఆ టైముకు వాళ్లు ఏం చేస్తున్నారు
□ ఎంతసేపటికి గమనించారు
□ చేత్తో ఏం చేశారు
□ ఖర్చు ఏమైనా అయిందా

"రాత్రి 2 గంటలకు బ్యాగు నిండి ఉండొచ్చు. 5 గంటలకు చూశాం. పైపులో మూత్రం నిలిచిపోయింది, పక్క తడిసింది, దుప్పట్లు రెండూ మార్చాం." ఇట్లా రాస్తే పనికొస్తుంది. "బ్యాగుకు సెన్సర్ ఉండాలి" అని రాస్తే పనికిరాదు. పరిష్కారం రాయడం మొదలుపెట్టిన క్షణం నుంచి కన్ను సమస్యను చూడటం మానేస్తుంది.

రోగి ఇప్పుడు లేకపోతే గుర్తున్నవన్నీ రాసుకోండి, కానీ వాటిని లెక్కల్లోకి తీసుకోకండి. బాధ ఎక్కువైన రాత్రులే గుర్తుంటాయి, మామూలు రాత్రులు గుర్తుండవు.

## 2. మీ ఇల్లు దాటి ఇంకో పదిహేను ఇళ్లు

మీ అనుభవం ఒక్క రోగిది, ఒక్క మంచానిది. హనుమకొండ అపార్ట్‌మెంట్‌లో ఆసుపత్రి కాట్ కిరాయికి తెచ్చుకున్న ఇల్లు వేరు, ములుగు పక్క ఊళ్లో నులక మంచం మీద పడుకోబెట్టిన ఇల్లు వేరు. నులక మంచం ఎత్తు తక్కువ. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందనే వేలాడాలి, నేలకు మాత్రం తాకకూడదు. ఆ మంచానికి ఈ రెండూ ఒకేసారి కుదరడం కష్టం. కాట్ ఒక్కటే చూసి గీసిన డిజైను ఇక్కడ మొదటి రోజే విఫలమవుతుంది.

కనీసం పదిహేను ఇళ్లు, రెండు వార్డులు చూడండి. దారులు ఇవి: జిల్లా ఆసుపత్రుల్లోని పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టులు, ఆశా కార్యకర్తలు, వార్డు ఇన్‌చార్జి సిస్టర్లు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులు వస్తారు కాబట్టి రకరకాల ఇళ్ల పరిస్థితి ఒక్కచోటే తెలుస్తుంది. వార్డులోకి పోవాలంటే మాత్రం సూపరింటెండెంట్ గారి రాతపూర్వక అనుమతి ఉండాలి. తెలిసిన సిస్టర్ ఉంది కదా అని పోతే ఇరుకున పడేది ఆమే.

చాలామంది వదిలేసే ఇంకో చోటు, కాట్లూ ఆక్సిజన్ మిషన్లూ కిరాయికిచ్చే సర్జికల్ షాపు. "తిరిగొచ్చిన వాటిలో ఏది ఎక్కువ విరిగి వస్తది?" అని అడగండి. ఇంజనీరు చెప్పలేని జవాబులు అక్కడ దొరుకుతాయి.

అడగకూడని ప్రశ్న: "ఇట్లాంటిది వస్తే కొంటారా?" మన దగ్గర ఇంటికొచ్చిన మనిషిని ఎవరూ నిరాశపరచరు, అందరూ కొంటామనే అంటారు. అడగాల్సినవి: "కిందటిసారి బ్యాగు నిండినప్పుడు ఏం చేశారు? రాత్రిపూట ఎవరు లేస్తారు? ఈ నెల రోగి కోసం వేటికి ఎంత ఖర్చయింది?"

ఆదిలాబాద్ వైపు గోండి, ఏటూరునాగారం వైపు కోయ మాట్లాడే ఇళ్లూ తగులుతాయి. పరికరం మీద తెలుగు రాతలు ఎంత పెద్దగా ఉన్నా అక్కడ పనిచేయకపోవచ్చు. బొమ్మ, రంగు, శబ్దం ఈ మూడింటితోనే విషయం అర్థం కావాలి.

□ ఇంటి పెద్ద దగ్గర, వీలైతే రోగి దగ్గర కూడా, తెలుగులో రాసిన సమ్మతి పత్రం
□ ముఖం కనిపించే ఫొటోలు వద్దు. మంచం, బ్యాగు, చేతులు చాలు
□ పేర్ల బదులు నంబర్లు

## 3. ఒక్క వాక్యం: ఈ పరికరం ఎందుకు

స్టార్టప్ మొత్తం ఈ వాక్యం మీదే నిలబడుతుంది. వైద్య పరికరాల నియమాలు, 2017 ప్రకారం పరికరం ఏ తరగతిలోకి వస్తుందన్నది అది దేనికి వాడటానికని మీరు చెబుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. లోపల ఎన్ని వైర్లున్నాయన్నది తర్వాత.

వాక్యంలో ఐదు ఉండాలి: ఎవరికి, ఎవరు వాడతారు, ఎక్కడ, ఏం చేస్తుంది, ఏం చేయదు.

ఒకే కొక్కేనికి రెండు వాక్యాలు చూడండి.

మొదటిది: "ఇంట్లో మూత్రం పైపుతో ఉన్న పెద్దల యూరిన్ బ్యాగు నిండబోతున్నట్టు, పక్కనున్నవారికి శబ్దంతో గుర్తు చేస్తుంది. మూత్రం పరిమాణాన్ని కొలవదు, జబ్బును నిర్ధారించదు."

రెండోది: "గంటకు ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం వచ్చిందో కొలిచి, కిడ్నీల పనితీరు తగ్గుతుంటే హెచ్చరిస్తుంది."

పెట్టెలో ఉన్న భాగాలు ఒకటే. రెండో వాక్యం రాయగానే కొలత ఎంత ఖచ్చితమో నిరూపించాలి, హెచ్చరిక నిజమో కాదో రోగులపై తేల్చాలి. చికిత్స నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది కాబట్టి తరగతి కూడా పైకి పోతుంది.

తరగతులు నాలుగు: ఎ, బి, సి, డి. ప్రమాదం పెరిగేకొద్దీ అక్షరం ముందుకు జరుగుతుంది. ఎ, బి తయారీ లైసెన్సు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల దగ్గర, సి, డి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో దగ్గర. ఎ, బి తరగతులకు లైసెన్సు విధానం 2022 అక్టోబరు 1 నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి అయింది. ఎ తరగతిలో స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసినవి) కానివి, కొలత పని లేనివి అయితే లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, సీడీఎస్‌సీవో పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. "మిల్లీలీటర్లు కూడా చూపిస్తే బాగుంటది కదా" అన్న ఒక్క మాటతో ఆ మినహాయింపు చేజారుతుంది.

సీడీఎస్‌సీవో తరగతుల జాబితాలను విభాగాల వారీగా వెబ్‌సైటులో పెట్టింది. మీ పరికరానికి దగ్గరి పేర్లు వెతికి, దొరికిన వాటి పక్కన మీ వాక్యం పెట్టి చూడండి. తేలకపోతే రెగ్యులేటరీ సలహాదారుకు ఫీజు ఇచ్చి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. మొదట్లో పెట్టే ఖర్చుల్లో ఇంత విలువైనది ఇంకోటి లేదు.

ఇంకో జాగ్రత్త. కరపత్రంలో, వాట్సాప్ వీడియోలో, స్టాల్ దగ్గర బ్యానరులో రాసేది కూడా మీ మాటే. లైసెన్సు ఫైలులో "గుర్తు చేస్తుంది" అని ఉండి బ్యానరు మీద "ఇన్ఫెక్షన్లను ఆపుతుంది" అని ఉంటే చిక్కు తప్పదు.

## 4. నమూనా: ముందు కరెంటు లేకుండా

మొదటి నమూనాలో ఎలక్ట్రానిక్స్ వద్దు. బజారులో దొరికే చిన్న స్ప్రింగ్ త్రాసు కొని 1.4 కిలోల గీత దగ్గర ఎర్ర టేపు అంటించండి. దానికి బ్యాగు తగిలించి మూడు నాలుగు ఇళ్లలో ఇవ్వండి. మామూలు యూరిన్ బ్యాగు 2,000 మిల్లీలీటర్లది. మూత్రం మిల్లీలీటరుకు దాదాపు గ్రాము తూగుతుంది కాబట్టి ఎర్ర టేపు అంటే దాదాపు మూడింట రెండు వంతులు నిండినట్టు. ఇళ్లవాళ్లు ఆ టేపును చూస్తున్నారా? పగలు చూసి రాత్రి చూడటం లేదా? శబ్దం అవసరమా కాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

తర్వాతి నమూనాకు కావలసినవి:

□ 5 కిలోల బార్ లోడ్ సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే కడ్డీ) 1. బ్యాగు బరువు 2 కిలోలే అయినా పైపు గుంజినప్పుడు పడే భారానికి వెసులుబాటు కావాలి
□ హెచ్‌ఎక్స్711 యాంప్లిఫయర్ బోర్డు (ఆ సంకేతాన్ని పెంచి అంకెలుగా మార్చేది) 1. సెకనుకు 10 రీడింగుల వేగం చాలు, 80కి పెడితే రీడింగులు ఎక్కువ ఊగుతాయి
□ తక్కువ కరెంటు తాగే మైక్రోకంట్రోలరు (ప్రోగ్రాం నడిపే చిప్పు) 1
□ బజరు, ఎర్ర లైటు, ఒక్కటే బటను
□ మార్చుకునే ఏఏఏ బ్యాటరీలు 3
□ స్టీలు కొక్కేలు 2, పైన ఒకటి, కింద ఒకటి

చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ ఎందుకు వద్దంటే, చార్జరు వచ్చిందంటే ఇంటి కరెంటు రోగి మంచం దాకా వచ్చినట్టే. విద్యుత్ భద్రత పరీక్షలు ఆ మేరకు పెరుగుతాయి. పైగా కరెంటు పోయే ఊళ్లో చార్జింగ్ మర్చిపోవడం మామూలే.

పాడయ్యే చోట్లు, మరమ్మతులు

*బ్యాగు నేలకు ఆనింది, కూత రాలేదు.* అన్నిటికంటే ప్రమాదం ఇదే. అనవసరంగా మోగే పరికరం విసిగిస్తుంది, మోగాల్సినప్పుడు మోగనిది నమ్మించి మోసం చేస్తుంది. నేల భారం మోయడం మొదలుపెట్టగానే బరువు పెరగడం ఆగుతుంది, లేదా ఉన్నట్టుండి తగ్గుతుంది. బటను నొక్కకుండా, బ్యాగు ఖాళీ అయినంత కాకుండా బరువు పడిపోతే వేరే శబ్దం చేసేలా ప్రోగ్రాం రాయండి. మెల్లగా ఆనితే ఇది పట్టుకోలేదు, అందుకే పై కొక్కెం పొడవు నులక మంచానికి సరిపోయేంత పొట్టిగా ఉండాలి.

*రోగిని పక్కకు తిప్పినప్పుడల్లా మోగుతోంది.* బ్యాగు ఊగితే బరువు ఎక్కువ తక్కువలు చూపిస్తుంది. పది సెకన్ల రీడింగుల్లో మధ్య విలువ తీసుకోండి. అది పరిమితిని దాటి 30 సెకన్లు నిలిస్తేనే కూత పెట్టాలి.

*ఖాళీ బ్యాగుకు కూడా బరువు చూపిస్తోంది.* లోడ్ సెల్ గంటల తరబడి బరువు మోస్తే రీడింగు కొద్దిగా జరుగుతుంది. ఎండకు కూడా జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో పెట్టి చూడకుండా ఏ నమూనానూ బాగుందనకండి. బ్యాగు ఖాళీ చేసిన ప్రతిసారీ బటను నొక్కితే సున్నా సరిచేసుకునేలా పెట్టండి. మూడో దశలో మిల్లీలీటర్లు వద్దన్న నిర్ణయం ఇక్కడ పనికొస్తుంది. 1.4 కిలోల పరిమితికి ఇరవై ముప్పై గ్రాముల తేడా వస్తే ఎవరికీ నష్టం లేదు. అదే తేడా కొలిచే పరికరంలో అయితే తప్పే.

*బోర్డు తుప్పు పట్టింది.* బ్యాగు ఖాళీ చేసేటప్పుడు చేతులు తడుస్తాయి, అదే చేత్తో బటను నొక్కుతారు. బోర్డును కొక్కేనికి పైభాగాన పెట్టండి, బటను మీద రబ్బరు పొర వేయండి, అతుకులు పైకి తెరుచుకోకుండా చూడండి.

*పెట్టె వంకర పోయింది.* పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసింది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు అందుకు చాలు. పొరల సందుల్లో మురికి చేరితే శుభ్రం కూడా కాదు. ఆకారం చూసుకోవడానికి పీఎల్ఏ, రోగి దగ్గరికి పంపడానికి నున్నటి ఏబీఎస్ ప్లాస్టిక్ పెట్టె. స్పిరిట్‌తోనూ బ్లీచింగ్ ద్రావణంతోనూ యాభై సార్లు తుడిచి పగుళ్లు వస్తున్నాయేమో చూడండి.

*బ్యాటరీ అయిపోయింది, ఎవరికీ తెలియలేదు.* అయిపోయే రెండు రోజుల ముందు నుంచి పొట్టి "టిక్" శబ్దం రావాలి. నిండిన కూతకూ దీనికీ పొంతన ఉండొద్దు.

పని చేయించుకునే చోట్లు: వరంగల్ ఎన్ఐటీ, అనంతసాగర్‌లోని ఎస్ఆర్ విశ్వవిద్యాలయం ఇంక్యుబేటర్ (కొత్త స్టార్టప్‌లకు చోటు, సలహా ఇచ్చే కేంద్రం) ఎస్ఆర్ఐఎక్స్, పెద్ద మిషన్లు కావాలంటే హైదరాబాద్ రాయదుర్గంలోని నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్. వైద్య పరికరాల మీదే దృష్టి పెట్టిన శిక్షణ కావాలంటే కందిలోని ఐఐటీ హైదరాబాద్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ కేంద్రం ఫెలోషిప్ చూడండి.

## 5. పదిమందికి చూపించే ముందే పేటెంటు దరఖాస్తు

ఇక్కడ వరుస తప్పితే మళ్లీ సరిదిద్దుకోలేం. ఇంటింటా ఇన్నోవేటర్ లాంటి ఆవిష్కరణల ప్రదర్శనలో పెట్టి, స్థానిక పేపర్లో వార్త వచ్చి, ఆ తర్వాత పేటెంటు ఏజెంటు దగ్గరికి పోతే కొత్తదనం పోయిందని మీ వార్తనే మీ మీదకు తెస్తారు.

ముందు భారత పేటెంట్ల వెబ్‌సైటు ఇన్‌పాస్‌లోనూ, యూరప్ పేటెంటు కార్యాలయం వెబ్‌సైటు ఎస్పాసెనెట్‌లోనూ ఇట్లాంటివి ఉన్నాయేమో వెతకండి. రెండూ ఉచితం. మూత్రం బ్యాగు హెచ్చరికలు ఇప్పటికే చాలా కనిపిస్తాయి, బెంబేలు పడొద్దు. కొత్తదనం "బరువు చూసి మోగడం"లో ఉండదు. నేలకు ఆనడాన్ని పట్టుకునే పద్ధతిలోనో, తక్కువ ఎత్తు మంచానికి సరిపోయే కొక్కెం ఆకారంలోనో ఉండొచ్చు.

తాత్కాలిక దరఖాస్తు వేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. వ్యక్తులకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. ఏజెంటు ఫీజు వేరు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

□ ప్రోగ్రాం రాసిపెట్టిన విద్యార్థితో హక్కుల బదిలీ పత్రం
□ కాలేజీ ల్యాబు వాడితే హక్కులు ఎవరివో తేల్చే ఒప్పందం
□ దరఖాస్తుకు ముందు చూపించాల్సి వస్తే గోప్యత పత్రం

## 6. కంపెనీ, పైసలు

కంపెనీ తొందరపడి పెట్టొద్దు. ప్రైవేట్ లిమిటెడ్ నమోదైన రోజు నుంచి ఆడిటరు, వార్షిక పత్రాలు మొదలవుతాయి. కొన్ని పథకాలు కంపెనీ వయసును కూడా చూస్తాయి. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కు నమోదై రెండేళ్లు దాటకూడదని షరతు పెట్టారు. స్ప్రింగ్ త్రాసు దశలో కంపెనీ పెడితే ఆ రెండేళ్లలో సగం నోటుబుక్కుకే పోతుంది.

ముందుగా చూడాల్సింది కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పథకం నిధి-ప్రయాస్, నమూనా కోసం 10 లక్షల దాకా ఇస్తుంది. వ్యక్తిగా వెళ్లొచ్చు, ఇంక్యుబేటర్ ద్వారా దరఖాస్తు చేయాలి. తర్వాత కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు, 18 నెలలకు 50 లక్షల దాకా. సాధారణంగా జనవరి 1న, జులై 1న దరఖాస్తులు తెరుస్తారు.

దరఖాస్తు మొదటి పేజీని నాన్న కష్టంతో నింపితే చదివేవాళ్లకు జాలి వేస్తుంది, మార్కులు పడవు. ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్ని రాత్రుల్లో ఎన్నిసార్లు బ్యాగు నిండి పొర్లింది, ఎంతసేపటికి గమనించారు అన్న పట్టిక పెట్టండి. నోటుబుక్కు అందుకే.

గ్రాంటు ఒక్కసారిగా రాదు, పని అయినకొద్దీ విడతలుగా వస్తుంది. విడతకూ విడతకూ మధ్య నడవడానికి ఏం ఉందో ముందే చూసుకోండి. దానికోసం పొలం తాకట్టు పెట్టే ఆలోచన వద్దు.

## 7. పరీక్షలు: నీళ్లతో మొదలుపెట్టి రోగి దాకా

బల్ల మీద ముందు. కొలజాడీతో బ్యాగులో 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోస్తూ 2,000 దాకా పోండి. పది సార్లు చేయండి. ఏ బరువు దగ్గర మోగిందో రాయండి. తర్వాత నిండు బ్యాగును మూడు రోజులు వేలాడదీసి ఉంచండి. ఊపండి, గుంజండి, నేలకు ఆనించండి, మంచం ఎత్తు నుంచి గచ్చు మీద పడేయండి.

పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేయడానికి ఎండి-12 ఫారం దరఖాస్తుతో సీడీఎస్‌సీవో నుంచి ఎండి-13 టెస్టు లైసెన్సు తీసుకునే పద్ధతి ఉంది. రోగుల దగ్గర పరీక్షించే ముందు ఆసుపత్రి లేదా వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీ (రోగుల భద్రత, హక్కులు చూసే బృందం) అనుమతి తప్పనిసరి. కమిటీ ముందుకు పోవాలంటే అధ్యయనానికి బాధ్యత తీసుకునే డాక్టరు కావాలి. ఈ కొక్కేనికైతే యూరాలజిస్టు, లేదా పాలియేటివ్ కేర్ డాక్టరు. అయితే అసలు వాడేది సిస్టర్లు, ఇంటివాళ్లు. అధ్యయనం రాసేటప్పుడే ఒక నర్సును బృందంలో పెట్టుకోండి.

"మా ఇంట్లో మా అమ్మకు వాడుకున్నాం" అన్నది సాక్ష్యం కిందికి రాదు.

## 8. ఫైలు, లైసెన్సు

లైసెన్సు కోసం ఫైలు చివర్లో రాయడం మొదలుపెట్టినవాళ్లు నెలలు పోగొట్టుకుంటారు. మొదటి స్క్రూ మార్చిన రోజు నుంచే తేదీతో రాసుకుంటూ పోవాలి: ఏం మార్చాం, ఎందుకు, ఏ పరీక్ష చేశాం.

చూడాల్సిన ప్రమాణాలు (ఐఎస్‌ఓ, ఐఈసీ అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు): నాణ్యత వ్యవస్థకు 2017 నియమాల్లోని ఐదో షెడ్యూలు, ఐఎస్‌ఓ 13485. ప్రమాదాల అంచనాకు ఐఎస్‌ఓ 14971. విద్యుత్ భద్రతకు ఐఈసీ 60601-1, ఇంట్లో వాడే పరికరాలకు అందులోని 1-11 భాగం, హెచ్చరిక శబ్దాలకు 1-8 భాగం. సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304.

ప్రమాదాల పట్టికలో ఒక వరుస ఇట్లా ఉంటుంది: "బ్యాగు నేలకు ఆనింది → బరువు పెరగదు → కూత రాదు → మూత్రం నిలిచిపోతుంది. నివారణ: పొట్టి కొక్కెం, బరువు తగ్గితే వేరే శబ్దం, వాడే పత్రంలో బొమ్మ. రుజువు: ఫలానా తేదీ పరీక్ష." ఇట్లాంటివి ముప్పై నలభై వస్తాయి. సగం మీ నోటుబుక్కులోనే దొరుకుతాయి.

లైసెన్సు అవసరమైన ఎ, బి తరగతులకు ఎండి-3 దరఖాస్తు, ఎండి-5 లైసెన్సు. ప్రభుత్వ రుసుము తయారీ స్థలానికి 5,000, ఒక్కో పరికరానికి 500 రూపాయలు. సొంత ఫ్యాక్టరీ లేకపోతే, లైసెన్సున్న మరొకరి యూనిట్లో చేయించుకునే లోన్ లైసెన్సు ఉంది: ఎండి-4తో అడిగితే ఎండి-6 వస్తుంది. కొత్తగా దిగేవాళ్లకు ఇదే మేలు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, చేసిపెట్టేవాళ్లను వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

## 9. అమ్మడమా, కిరాయికివ్వడమా

మంచాన పడ్డ మనిషి కోసం కొన్న వస్తువును తర్వాత ఇంట్లో ఉంచుకోవడానికి చాలామంది ఇష్టపడరు. కాట్, చక్రాల కుర్చీ ఇప్పటికే కిరాయికి నడుస్తున్నాయి. సర్జికల్ షాపుకు పది కొక్కేలిచ్చి నెల కిరాయికి తిప్పడం, ఒక్కొక్కటి అమ్మడం కంటే ముందు నిలదొక్కుకుంటుంది. కాకపోతే ఒక రోగి నుంచి ఇంకో రోగికి మారే మధ్య శుభ్రం చేసే పద్ధతి రాసివ్వాలి. కింది కొక్కెం విప్పి మార్చేలా ఉండాలి.

ధర కట్టేటప్పుడు భాగాల ఖర్చు ఒక్కటే చూడొద్దు. షాపు కమీషను, తిరిగొచ్చేవి, మరమ్మతు కోసం ఊరికి పోయిరావడం, ఏటా చేయించే పరీక్షలు అన్నీ అందులో కలవాలి.

ప్రతి పరికరానికీ బ్యాచి నంబరు వేయండి. ఏది ఏ షాపుకు పోయిందో రిజిస్టరులో ఉండాలి. ఫిర్యాదు వస్తే నాలుగు రాయండి: బ్యాచి, మంచం రకం, మోగాల్సినప్పుడు మోగలేదా లేక ఊరికే మోగిందా, రోగికి ఏమైనా అయిందా. రోగికి హాని జరిగితే దేశంలోని మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే) కార్యక్రమానికి తెలియజేయాలి. ఒకే బ్యాచిలో ఒకే కారణంతో రెండోది కూడా మోగకపోతే, మూడో ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఆ బ్యాచి మొత్తం షాపుల నుంచి వెనక్కి తెప్పించండి.